దేవుడి మాటకు అరెస్టు... మనిషి బెదిరింపుకు చీటీ!

మత చర్చల్లో మాటకు స్వేచ్ఛ ఎంత? మనిషికి రక్షణ ఎంత?
కోలారు జిల్లా అనుభవాలు చెబుతున్నదేమిటి?

కోలారు చన్నయ్య రంగమందిరం. 2023 మార్చి 8. మహిళా దినోత్సవం సందర్భంగా వస్తు ప్రదర్శన, అమ్మకాలు ఏర్పాటు చేశారు. చూసేందుకు వచ్చిన అప్పటి కోలారు ఎంపీ ఎస్. మునిస్వామి ఒక అంగడి ముందు ఆగారు. అమ్మకానికి కూర్చున్న మహిళ నుదుట బొట్టు లేదు. బొట్టెందుకు పెట్టుకోలేదు, భర్త బతికే ఉన్నాడు కదా అని అందరి ముందూ గద్దించారు. ఆ దృశ్యం సెల్‌ఫోన్‌కెక్కింది. చూస్తుండగానే దేశమంతా తిరిగింది.

తరువాత జరిగింది అందరికీ తెలిసిన తంతే. ఒక వర్గం ఎంపీని తిట్టిపోసింది. ఇంకో వర్గం సంప్రదాయం గుర్తు చేస్తే తప్పేమిటని ఎదురు తిరిగింది. పార్టీలు ప్రకటనలు ఇచ్చుకున్నాయి. మధ్యలో ఆ మహిళ ముఖం లెక్కలేనన్ని ఫోన్లలో మిగిలిపోయింది. ఆమె ఏ మత చర్చకూ దిగలేదు. ఎవరి దేవుణ్ణీ ఏమీ అనలేదు. నాలుగు రూపాయలు సంపాదించుకుందామని అంగడి పెట్టుకుంది, అంతే.

అంతకు ఏడాది ముందు ముళబాగిలు. 2022 జనవరిలో అక్కడి సోమేశ్వరపాళ్య ప్రభుత్వ కన్నడ పాఠశాలలో కొందరు ముస్లిం పిల్లలు శుక్రవారం నాడు తరగతి గదిలోనే నమాజు చేస్తున్న వీడియో బయటికొచ్చింది. హిందూ సంఘాలు ఆందోళనకు దిగాయి. అధికారులు విచారణ జరిపారు. ప్రధానోపాధ్యాయురాలు సస్పెండయ్యారు. ఆమె అనుమతి ఇచ్చారా, ఇవ్వలేదా అన్నదానిపై రెండు రకాల మాటలు వినిపించాయి. ప్రభుత్వ బడిలో ప్రార్థనలకు చోటుండాలా, వద్దా అన్నది చర్చించదగ్గ విషయమే. దానికి విద్యాశాఖ ఉంది, నిబంధనలున్నాయి. ఆ చర్చ కోసం చిన్నపిల్లల్ని ఊరూరా ఫోన్లలో తిప్పాల్సిన పనేముంది?

ఇంకో నెల వెనక్కి వెళితే శ్రీనివాసపురం. 2021 డిసెంబరులో ఇంటింటికీ తిరిగి క్రైస్తవ పుస్తకాలు పంచుతున్నారని కొందర్ని అడ్డుకుని, ఆ పుస్తకాలను నడివీధిలో తగలబెట్టారు. మత ప్రచారం నచ్చనివాళ్ళు ఆ పుస్తకంలో ఉన్నది తప్పని చెప్పొచ్చు. ఎదురు పుస్తకం పంచొచ్చు. గడప దగ్గరే 'మాకొద్దు' అనొచ్చు. కాగితానికి జవాబు అగ్గిపుల్ల కాదు.

ఈ మూడు ఘటనల్లో మతాలు వేరు, పక్షాలు వేరు. ఒక్కటి మాత్రం సమానం. మతం గురించి వాదన పేరుతో మొదలైంది ఎక్కడా వాదనగా సాగలేదు. ఒక మనిషి మీదికో, నలుగురి మీదికో గుంపు మళ్ళింది.

మతం మీద మాట్లాడడం వేరు. మనిషి వెంట పడడం వేరు. మొదటిది రాజ్యాంగం ఇచ్చిన హక్కు. రెండోది నేరం. విచిత్రమేమిటంటే ఆచరణలో ఈ రెండూ తారుమారయ్యాయి. మాట్లాడినవాడు లాకప్పులో ఉంటాడు. వెంటపడినవాడు ఫోను పట్టుకుని హాయిగా తిరుగుతుంటాడు. దీనికి పోలీసుల పక్షపాతం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. చట్టం అమరికలోనే ఆ తేడా ఉంది.

ఠాణాలో రెండు తూకాలు

ఒక ఉదాహరణ చూద్దాం. బంగారుపేటలో ఒకతను ఫేస్‌బుక్‌లో ఒక మతాచారాన్ని విమర్శిస్తూ నాలుగు వాక్యాలు రాశాడనుకుందాం. మా మనోభావాలు దెబ్బతిన్నాయని ఎవరో ఠాణాకు వెళ్ళారు. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షను కింద కేసు కడతారు. పాత ఐపీసీలో ఇది 295-ఎ. ఇది కాగ్నిజబుల్ నేరం, నాన్ బెయిలబుల్ కూడా. అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చెయ్యొచ్చు. స్టేషన్ బెయిలు హక్కుగా రాదు.

అదే మనిషికి రాత్రంతా ఫోన్లొచ్చాయి. 'నీ ఇల్లెక్కడో తెలుసు, నరికేస్తాం' అన్నారు. పొద్దున్నే అదే ఠాణాకు వెళ్ళాడు. బెదిరింపు నేరం న్యాయ సంహితలో 351వ సెక్షను. పాత లెక్కలో 506. చంపుతామని బెదిరిస్తే ఏడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. కానీ కేంద్ర చట్టం షెడ్యూలు ప్రకారం ఇది నాన్ కాగ్నిజబుల్, బెయిలబుల్. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యడానికే లేదు. అందుకే ఎన్.సి.ఆర్. రాసి, చీటీ చేతిలో పెట్టి, కోర్టుకు వెళ్ళమంటారు. అనుమతి తీసుకోకుండా దర్యాప్తు చేశారన్న కారణంతోనే ఇలాంటి కేసుల్ని కర్ణాటక హైకోర్టు కొట్టేసిన సందర్భాలు ఉన్నాయి.

దేవుడి గురించి మాట అంటే మూడేళ్ళ దాకా శిక్ష పడే నేరం. అయినా పోలీసు వెంటనే కదులుతాడు. మనిషిని చంపుతానంటే ఏడేళ్ళ దాకా శిక్ష పడే నేరం. అయినా చీటీ. ఈ తూకం తెలిసినవాళ్ళు దాన్ని బాగానే వాడుకుంటున్నారు. ఎదుటివాడి నోరు మూయించాలంటే వాదించక్కర్లేదు. పదిమంది కలిసి ఠాణాకు వెళ్ళి మనోభావాలు దెబ్బతిన్నాయంటే చాలు.

మహిళలకు కొంత నయం. పదేపదే వెంటపడడం, ఫోన్లో నిఘా పెట్టడం 78వ సెక్షను కింద, గౌరవానికి భంగం కలిగించే మాటలు 79వ సెక్షను కింద కాగ్నిజబుల్ నేరాలే. అయినా వాళ్ళకొచ్చే బెదిరింపులు వేరే రకం. మగవాడు రాస్తే 'నీ మతం చూస్తాం' అంటారు. ఆడమనిషి రాస్తే 'నీ సంగతి చూస్తాం' అంటారు. 2015 అక్టోబరులో కన్నడ రచయిత్రి చేతనా తీర్థహళ్ళికి ఫేస్‌బుక్‌లో వచ్చిన బెదిరింపులు అత్యాచారం, యాసిడ్ దాకా వెళ్ళాయి. ఆమె రాసింది తప్పో ఒప్పో తేల్చడానికి యాసిడ్‌తో పనేమిటి? ఇలాంటివి చూసిన ఆడపిల్లలు ఎంతమంది రాయడమే మానేశారో ఏ ఠాణా లెక్కలోనూ ఉండదు.

ఉదయపూర్ చెప్పిన పాఠం

ఈ తూకం తప్పితే ఏమవుతుందో చూడాలంటే రాజస్థాన్ వెళ్ళాలి. 2022 మేలో ప్రవక్త గురించి నూపుర్ శర్మ చేసిన వ్యాఖ్యలపై దేశమంతా గొడవైంది. ఆమెను సమర్థించే పోస్టు పెట్టారన్న ఫిర్యాదుపై ఉదయపూర్‌లో కన్నయ్యలాల్ అనే దర్జీని జూన్‌లో పోలీసులు అరెస్టు చేశారు. బెయిలుపై బయటికొచ్చాక తనకు బెదిరింపులు వస్తున్నాయని ఆయన పోలీసులకు ఫిర్యాదు చేశారు. పోలీసులు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ చేశారు. జూన్ 28న బట్టలు కుట్టించుకునే నెపంతో వచ్చిన ఇద్దరు ఆయన్ను అంగట్లోనే నరికి చంపారు.

పోస్టుకు అరెస్టు. బెదిరింపుకు రాజీ. చివరికి శవం. ఆ పోస్టు మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. మాట కన్నా బెదిరింపు పెద్ద నేరమని ఆ రోజు ఎవరైనా గుర్తించి ఉంటే ఒక ప్రాణం నిలిచేదేమో.

మన రాజధానిలోనూ 2017 సెప్టెంబరు 5న పాత్రికేయురాలు గౌరీ లంకేశ్‌ను ఇంటి గుమ్మం దగ్గరే కాల్చి చంపారు. ఆ రాత్రి ఫోన్లలో సంతాపాలతో పాటు సంబరాలూ కనిపించాయి. ఉదయపూర్‌లో చంపినవాళ్ళ మతం వేరు, బెంగళూరు హత్యలో నిందితుల మతం వేరు. పోయినవాళ్ళ అభిప్రాయాలూ వేరు. ఇద్దరి విషయంలోనూ మాటకు బదులు ఆయుధమే వచ్చింది.

1927 నాటి సెక్షన్

మనోభావాల సెక్షను పుట్టింది తెల్లదొరల కాలంలో. 1924లో లాహోరులో ప్రవక్త జీవితంపై ఒక రెచ్చగొట్టే పుస్తకం వచ్చింది. రచయిత పేరు లేదు. ప్రచురణకర్త రాజ్‌పాల్‌పై కేసు నడిచింది. అప్పటికున్న చట్టం కింద ఇది నేరం కాదని 1927లో లాహోరు హైకోర్టు వదిలేసింది. పెద్ద ఆందోళన లేచింది. అదే ఏడాది ప్రభుత్వం 295-ఎ తెచ్చింది. అయినా 1929లో రాజ్‌పాల్‌ను పొడిచి చంపారు. చట్టం వచ్చినా ప్రాణం నిలవలేదు.

ఆ సెక్షనులోనే ఒక షరతు ఉంది. మాట నచ్చకపోతే సరిపోదు. మత భావాల్ని గాయపరచాలన్న ఉద్దేశంతో, బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో అని ఉండాలి. 1957లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సెక్షనును నిలబెట్టింది కూడా ఆ షరతును చూసే. ఏదో తెలియక, అజాగ్రత్తగా అన్న మాటలు దీని కిందికి రావని స్పష్టం చేసింది. ఠాణాలో కేసు కట్టేటప్పుడు ఆ షరతును ఎవరు చూస్తున్నారు? గుమికూడిన జనం ఎంతమంది అన్నదే లెక్కవుతోంది.

చిత్తూరు నుంచి హైదరాబాద్ దాకా

సరిహద్దు అవతల కథ ఇంకో తీరు. కత్తి మహేశ్ పేరు మనవాళ్ళలో చాలామందికి తెలుసు. అప్పటి చిత్తూరు జిల్లా యలమంద ఊరి మనిషి. సినీ విమర్శకుడు, దళితుడు. ఒక నటుడి అభిమానులతో నెలల తరబడి ఫోన్లలో, టీవీల్లో తిట్లు తిన్నాడు, తనూ తిట్టాడు. 2018లో ఒక టీవీ చర్చలో రాముడి గురించి చేసిన వ్యాఖ్యలు పెద్ద దుమారం రేపాయి. ఆ జులై 9న తెలంగాణ పోలీసులు ఆరు నెలల పాటు ఆయన్ను హైదరాబాద్ నుంచి బహిష్కరించి చిత్తూరుకు పంపేశారు. రెండు రోజుల్లో ఆ వ్యాఖ్యలకు నిరసనగా పాదయాత్ర తలపెట్టిన స్వామి పరిపూర్ణానందనూ అలాగే నగరం దాటించారు.

సమానంగా చూశాం కదా అని పోలీసులు అనుకుని ఉండొచ్చు. అన్నవాడూ నగరం బయటే, నిరసన చేస్తానన్నవాడూ నగరం బయటే. వాడింది 1980 నాటి చట్టం. అది సంఘ వ్యతిరేక, ప్రమాదకర కార్యకలాపాలను అడ్డుకోవడానికి చేసింది. వాదించుకునే ఇద్దర్నీ ఊరి నుంచి తరిమేస్తే వాదం తేలుతుందా? పరిపూర్ణానంద బహిష్కరణను ఆగస్టులోనే హైకోర్టు పక్కన పెట్టింది. 2022 ఆగస్టులో ప్రవక్తపై వీడియో పెట్టిన గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ మీద పీడీ యాక్టు పెట్టారు. నవంబరులో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. తీవ్రమైన మాటకు మామూలు చట్టం కింద విచారణ జరపకుండా, దగ్గరి దారిగా నిర్బంధం వెతికిన ప్రతిసారీ ఇదే జరుగుతోంది. విచారణ వెనకబడుతుంది, నిర్బంధం నిలవదు.

కత్తి మహేశ్ 2021 జూన్‌లో నెల్లూరు దగ్గర రోడ్డు ప్రమాదంలో గాయపడి జులై 10న చెన్నైలో కన్నుమూశారు. ఆ రోజు ఫోన్లలో కొందరు రాసిన రాతలు చదివితే సిగ్గేస్తుంది. చచ్చిన మనిషి మీద పగ ఏ మతం నేర్పింది? ఆయన మాటలతో ఎంత విభేదం ఉన్నా, ఆ రాతలు మతాన్ని కాపాడేవి కావు.

నిప్పు భయం నిజమే

మాటకు స్వేచ్ఛ అంటూ వదిలేస్తే ఊళ్ళు తగలబడవా అని పోలీసు అధికారులు అడుగుతారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయడానికి లేదు. 2020 ఆగస్టు 11 రాత్రి బెంగళూరు డి.జె. హళ్ళి, కె.జి. హళ్ళిలలో జరిగింది మనకు గంట, రెండు గంటల దూరంలోనే. పులకేశినగర్ ఎమ్మెల్యే అఖండ శ్రీనివాసమూర్తి మేనల్లుడు ప్రవక్తను కించపరిచే పోస్టు పెట్టాడంటూ జనం పోగయ్యారు. ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. అదే రాత్రి కొందరు ముస్లిం యువకులు ఒక గుడి చుట్టూ చేతులు పట్టుకుని నిలబడి కాపాడారు.

ఆ రాత్రి నుంచి నేర్చుకోవాల్సింది ఏమిటి? మేనల్లుడి పోస్టు మీద ఫిర్యాదు ఇచ్చే హక్కు ఎవరికైనా ఉంది. ఇల్లు తగలబెట్టే హక్కు ఎవరికీ లేదు. 'జనానికి కోపం వస్తుంది కాబట్టి నువ్వు మాట్లాడొద్దు' అని పోలీసు అంటే, మాట మీద అధికారం రాయి పట్టుకున్నవాడి చేతికి ఇచ్చినట్టే. ఎక్కువ కోపం చూపించినవాడిదే గెలుపవుతుంది. అప్పుడు ప్రతి గుంపూ కోపాన్ని పెంచుకుంటుంది.

గనుల ఊళ్ళో వాదాలు కొత్త కాదు

మతం మీద ఘాటైన వాదం ఈ జిల్లాకు కొత్త కాదు. కె.జి.ఎఫ్. గనుల్లోకి చిత్తూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి పనికొచ్చినవాళ్ళు పలుగూ పారతో పాటు దేవుళ్ళనూ ప్రశ్నలనూ తెచ్చుకున్నారు. లైన్ ఇళ్ళ మధ్య మారియమ్మ గుడి, చర్చి, మసీదు, బౌద్ధ సంఘం పక్కపక్కనే పెరిగాయి. అయోతి దాసు పండితుడు 1907లో మద్రాసులో ప్రారంభించిన 'తమిళన్' పత్రిక ఆయన పోయాక 1920లలో కె.జి.ఎఫ్. నుంచే మళ్ళీ వెలువడింది. కులాన్ని, దాన్ని సమర్థించే మతాన్ని ఆ పత్రిక నిలదీసింది. బుద్ధుడి దారి మేలని వాదించింది. షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు అలాంటి రాతలు చదివించుకుని వాదులాడుకున్న ఊరది.

కైవారం తాతయ్యగా మనం కొలిచే నారాయణ యతీంద్రులు తెలుగులో, కన్నడంలో ఆడంబర భక్తిని ఎత్తిపొడిచినవారే. తెలుగునాట వేమన విగ్రహారాధనను, మడిని ఎంత కటువుగా అడిగాడో పల్లెల్లో పిల్లలకీ తెలుసు. మన పెద్దలు వాళ్ళని తరిమెయ్యలేదు, పూజించారు. అంటే మతం మీద కటువు మాటను తట్టుకునే ఓపిక మన భక్తిలోనే ఉంది.

తేడా ఎక్కడొచ్చింది? పత్రికకు ముద్రాపకుడి పేరు, అచ్చయిన చోటు తప్పకుండా వెయ్యాలని 1867 నాటి చట్టమే చెప్పింది. రాసినవాడి మీద కోపమొస్తే ఎక్కడికెళ్ళాలో తెలిసేది. జవాబు రాస్తే అదే పాఠకులు చదివేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లో వచ్చేదానికి ఊరూ పేరూ ఉండదు. కాబట్టి అందరి పేర్లూ ఆధార్‌తో కట్టెయ్యాలని కొందరంటారు. అదీ ప్రమాదమే. సొంత కులంలోనో, సొంత మతంలోనో తప్పును బయటపెట్టే ఆడపిల్లకు, దళిత కుర్రాడికి మారుపేరే గొడుగు. మారుపేరుతో విమర్శించేవాణ్ణి వదిలేసి, మారుపేరుతో బెదిరించేవాణ్ణి పట్టుకోవడమే పోలీసు పని. కోర్టు ఆదేశంతో ఆ పేరు రాబట్టే దారి చట్టంలో ఉంది.

'మాట' మారితే

సరిహద్దు జిల్లాకు ఇంకో చిక్కు ఉంది. కోలారు టమోటా మార్కెట్లో పొద్దున ధర ఎంత, మదనపల్లెలో ఎంత అని తెలుసుకోవడానికి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపుల్లో తెలుగు, కన్నడం, ఉర్దూ, తమిళం నాలుగూ నడుస్తాయి. పొద్దున ధరలు, రాత్రి దేవుళ్ళు. తెలుగులో ఒకరన్నది కన్నడంలో ఇంకొకరు తిప్పి, పైన రెండు మాటలు కలిపి, కింద ఎర్ర గుర్తు పెట్టి పంపుతారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు చదివినవాడు ముందూ వెనకా చూడడు.

తెలుగులో 'మాట' అంటే పలుకు. కన్నడంలో అదే శబ్దానికి చేతబడి అని అర్థం. ఇరుగుపొరుగు భాషల్లోనే ఇంత తేడా ఉంటే, నాలుగు భాషలు దాటి వచ్చిన వాక్యాన్ని నమ్మి ఎవరింటి మీదికో పోవడం ఎంత ప్రమాదం! 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారంటూ వచ్చిన మెసేజీలు నమ్మి బెంగళూరు చామరాజపేటలో, బీదర్ జిల్లా ముర్కిలో అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ తరువాతే వాట్సాప్ ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది.

ఫిర్యాదుల తీరూ అంతే. కాగ్నిజబుల్ నేరమైతే ఎక్కడి ఠాణాలోనైనా జీరో ఎఫ్ఐఆర్ పెట్టొచ్చు. కాబట్టి కోలారులో రాసినదానికి కుప్పంలోనూ కేసు పెట్టొచ్చు, కరీంనగర్‌లోనూ పెట్టొచ్చు. మనోభావాలు ఎక్కడైనా దెబ్బతింటాయి కదా! బెదిరింపు మోసిన మనిషికి మాత్రం ఆ సౌకర్యం లేదు. అతని నేరం నాన్ కాగ్నిజబుల్. వి.కోట నుంచి వచ్చిన ఫోనుకు కె.జి.ఎఫ్.లో ఎన్.సి.ఆర్. చీటీయే మిగులుతుంది.

కోర్టులు గీసిన గీత

గీత ఎక్కడ గియ్యాలో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. ఐటీ చట్టం 66-ఎ సెక్షను చికాకు, అసౌకర్యం కలిగించే సందేశాలను కూడా నేరం చేసింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ధర్మాసనంలో ఒకరు మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. తీర్పులో మూడు మెట్లు కనిపిస్తాయి. చర్చించడం, ఒక వాదాన్ని సమర్థించడం, హింసకు ఉసిగొల్పడం. మొదటి రెండూ ఎంత నచ్చకపోయినా స్వేచ్ఛలో భాగమే. మూడో మెట్టు ఎక్కితేనే ప్రభుత్వం చెయ్యి వెయ్యాలి. సెక్షను పోయాక కూడా ఏళ్ళ తరబడి ఠాణాల్లో ఆ సెక్షను కిందే కేసులు కట్టారు. ఇక కట్టొద్దని 2022లో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో ఇంకో మంచి మాట చెప్పింది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాల్లో, డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలు నాగరిక్ సురక్షా సంహిత 173(3) కల్పిస్తోంది. మాటకు, రాతకు సంబంధించిన ఫిర్యాదుల్లో ఆ వీలును వాడుకోవడమే తగినదని కోర్టు చెప్పింది. ఆ మాటను బేలమనసు మనిషి కొలతతో కాక ధైర్యమున్న, ఆలోచన ఉన్న మనిషి కొలతతో చూడాలంది. మనోభావాల సెక్షను సరిగ్గా ఈ పరిధిలోకే వస్తుంది.

ఇటు కర్ణాటక 2025 డిసెంబరులో బెళగావి సమావేశాల్లో ద్వేష ప్రసంగాలు, ద్వేష నేరాల నిరోధక బిల్లును ఆమోదించింది. తొలి నేరానికి ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా జైలు. కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్. గుంపును ఉసిగొల్పే ప్రసంగాలకు పగ్గం వెయ్యాలన్న ఉద్దేశం మంచిదే. కానీ మాట మీద ఇంకో అరెస్టు సెక్షను చేరిస్తే పాత తూకం సరికాదు, ఇంకా ఒరిగిపోతుంది. చంపుతామన్న బెదిరింపును చీటీ నుంచి ఎఫ్ఐఆర్‌కు మార్చడం అంతకన్నా ముందు జరగాల్సిన పని.

ఏం చెయ్యాలి?

పోలీసులు చెయ్యగలిగింది ఉంది. మత వ్యాఖ్యల ఫిర్యాదు వచ్చినప్పుడు ఆ పద్నాలుగు రోజులు వాడాలి. మూల వాక్యం ఏ భాషలో ఉందో తెప్పించుకుని, ఆ భాష తెలిసినవాళ్ళతో చదివించాలి. ఫిర్యాదు ఎవరిమీద వచ్చిందో ఆ మనిషికి బెదిరింపులున్నాయా అని అదే రోజు అడగాలి. ఉంటే మేజిస్ట్రేటు అనుమతి కోసం మనిషిని తిప్పకుండా తామే అర్జీ పెట్టాలి. కోలారుకు, కె.జి.ఎఫ్.కు విడివిడిగా ఎస్పీలు ఉన్నారు. సరిహద్దు అవతలి చిత్తూరు పోలీసులతో దొంగతనాల విషయంలో మాట్లాడుకున్నట్టే దీనిమీదా మాట్లాడుకోవచ్చు.

బెదిరింపులు ఎదుర్కొంటున్నవాళ్ళు మెసేజీలు చెరిపెయ్యకూడదు. నంబరు, తేదీ, సమయం కనిపించేలా భద్రపరచాలి. నోటిమాటగా 'పోయి రండి' అంటే ఊరుకోకుండా ఎన్.సి.ఆర్. ప్రతి అడిగి తీసుకోవాలి. మహిళలైతే 78, 79 సెక్షన్ల పేరెత్తి ఎఫ్ఐఆర్ అడగాలి. జిల్లా సెన్ ఠాణాలోనూ, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు.

గ్రూపు నడిపేవాళ్ళకు భయం అక్కర్లేదు. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ బాధ్యుడు కాడని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అయినా పెద్దరికం ఒకటుంటుంది కదా. దేవుడి మీద వాదన వస్తే సాగనివ్వొచ్చు. ఒకరి ఫొటో, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు వస్తే ఆ క్షణమే తీసెయ్యాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం గొడవలు గడప దాటవు.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు పెద్దలు. ఆ సామెత మాట్లాడేవాడికి హెచ్చరిక. అతని వెంటపడేవాడికి అనుమతి కాదు. దేవుళ్ళు ఇన్ని వేల ఏళ్ళుగా విమర్శలు విన్నారు, నిలిచే ఉన్నారు. రంగమందిరంలో అంగడి పెట్టుకున్న ఆ మహిళకు మాత్రం అంత బలం లేదు. నుదుట బొట్టు పెట్టుకోవడం, మానడం ఆమె ఇష్టం. ఆ ఇష్టానికి కాపలా ఉండాల్సింది చట్టం. దాని గురించి ఎన్ని అభిప్రాయాలైనా ఉండొచ్చు. ఆమె వైపు వేలు చూపకుండా చెప్పగలిగితే అది చర్చ. లేకపోతే వేధింపు.